సర్కారు స్థపతి: చెన్నపట్టణమున చిషోమ్ కట్టడములు

చెన్నపట్టణమున సముద్రతీరపు బాట వెంట నడచిన తెలుగువారెవరైనను చేపాక్ చేరునప్పటికి ఒక నిమిషము నిలువక మానరు. ఒక ప్రక్క ఇసుక, అల, ఆకాశము. వేఱొక ప్రక్క ఎఱ్ఱని ఇటుక గోడలు, రంగుల గుమ్మటములు, నిలువెత్తు కమానులు. "అది సెనేటు భవనము, అది ప్రెసిడెన్సీ కళాశాల, ఆ వెనుక కనిపించునది నవాబుగారి మహలు" అని వెంటనున్న పెద్దలు వేలెత్తి చూపుదురు. ఇవి ఎవరు కట్టిరని పిల్లలడిగినచో "ఇంగ్లీషువారు" అని ఒక్క మాట చెప్పి ముందుకు సాగుదురు.

ఆ ఒక్క మాటతో తృప్తి పడుటకు మాకు మనసొప్పదు. ఆ గోడలు మన తాతముత్తాతల జీవితములతో ముడిపడినవి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము స్థాపితమగు వరకు, గంజాము మొదలు నెల్లూరు వరకు, ఇటు కడప, కర్నూలు, అనంతపురము, బళ్ళారి వరకు గల జిల్లాలలో చదివిన తెలుగు విద్యార్థులు మదరాసు విశ్వవిద్యాలయపు పట్టములనే పొందుచుండిరి. గురజాడ అప్పారావుగారు 1886లో విజయనగరము కళాశాలనుండి గ్రహించిన బి.ఏ. పట్టము ఆ విశ్వవిద్యాలయమిచ్చినదే. ఆంధ్ర విశ్వవిద్యాలయపు తొలి వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారును దానికి పట్టభద్రులే. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేసిరి. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1909లో తమ అధ్యాపక వృత్తిని ప్రారంభించినది ఆ కప్పు క్రిందనే. ఇన్ని తరముల తెలుగు వారికి నీడనిచ్చిన ఇంటిని ఎవరు తలపోసిరో, ఎవరి చేతులు కట్టెనో తెలిసికొనుట మనకు కొంత బాధ్యత.

ఆ కట్టడములను తలపోసిన వాని పేరు రాబర్ట్ ఫెలోస్ చిషోమ్. మదరాసు ప్రభుత్వమునకు ఆయన సలహా వాస్తుశిల్పి. సర్కారు జీతము పుచ్చుకొని, సర్కారు ఆజ్ఞ మేరకు, సర్కారు సొమ్ముతో కట్టడములు కల్పించుట ఆయన వృత్తి. అట్టి ఉద్యోగి తన ఇష్టము వచ్చినట్లు కట్టజాలడు. ఇంటి యజమాని ఒకడు, ఆ ఇంట తిరుగువారు వేఱొకరు, కట్టువారు మఱియొకరు. ఈ ముగ్గురి నడుమ నిలిచిన మనిషి ఏమి నేర్చెను, ఏమి సాధించెను, ఎచట లోబడెను అన్నదే ఈ ప్రసంగమునకు విషయము.

చిషోమ్ రాకకు ముందు మన దేశమున ప్రభుత్వ భవనములు ఎట్లు లేచుచుండెనో మొదట చూతము. కుంపిణీ కాలమున కట్టడముల పని సైనిక ఇంజనీర్ల చేతిలో నుండెను. 1850ల నడుమ డల్‌హౌసీ ప్రభువు కాలమున మరామత్తు శాఖ ఏర్పడిన తరువాత కూడ ఆ పద్ధతి చాలవఱకు మాఱలేదు. ఆ ఇంజనీర్ల ప్రజ్ఞను మనము తక్కువ చేయరాదు. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరము ఆనకట్టను కట్టించి గోదావరి నీటిని పొలములకు మళ్ళించిన కాటన్ దొర ఆ కోవలోని వాడే. వంతెన, కాలువ, బాట, బారకాసు: ఇవి వారికి కరతలామలకములు. కాని కచేరీయో, కళాశాలయో కట్టవలసి వచ్చినప్పుడు వారు స్వదేశపు నమూనా పుస్తకములను తిరగవేసి, గ్రీకు స్తంభములను వరుసగా నిలిపి, పైని సున్నము పూయించెడివారు. ఆ పూతయే పేరుపొందిన మదరాసు సున్నము. ఆలుచిప్పలు కాల్చి తీసిన సున్నమును మెత్తగా నూరి, బెల్లపు నీరు, గ్రుడ్డు తెల్లసొన వంటివి చేర్చి, తాపీవాండ్రు గంటల తరబడి రుద్దగా అది చలువరాతి వలె మెఱయుచుండెను. రూపము పరాయిది, మెఱుపు మాత్రము మన మేస్త్రీల చేతిది.

1864లో మదరాసు ప్రభుత్వము ఒక పోటీని ప్రకటించెను. 1840లో ఎగ్మూరులో మొదలైన ఉన్నత పాఠశాల ప్రెసిడెన్సీ కళాశాలగా పెరిగెను. 1857లో ఏర్పడిన విశ్వవిద్యాలయమునకు తనదనదగిన సభామందిరము లేకుండెను. ఈ రెండింటికిని సముద్రపుటొడ్డున తగిన భవనములు కావలెనని పత్రికలలో ప్రకటించి, వాస్తుశిల్పులనుండి నకషాలు కోరిరి. వచ్చినవి 17 నకషాలు. వానిలో చిషోమ్ పంపినవి మేలైనవిగా నెన్నబడెను. అప్పటికి ఆయన వంగదేశపు మరామత్తు శాఖలో పనిచేయుచున్న యువకుడు. ఈ గెలుపుతో ఆయన మదరాసు చేరి, తన ఉద్యోగ జీవితమున అధిక భాగము ఇచటనే గడపెను.

తొలి సంవత్సరములలో చిషోమ్ చేసిన పనులను చూచినచో, ఆయనకు ఈ దేశము ఇంకను పట్టుబడలేదని తోచును. నీలగిరులలో లవ్‌డేలునందలి లారెన్స్ పాఠశాల ఇటలీ దేశపు పద్ధతిలో నున్నది. ఉదకమండలపు గ్రంథాలయము ఇంగ్లండు పల్లెలోని మందిరము వలె నుండును. ప్రెసిడెన్సీ కళాశాల కూడ ఇటలీ రీతినే అనుసరించినది. ఆ కళాశాల పని 1867లో మొదలై 1870లో ముగిసెను. ఆ సంవత్సరము మార్చి 25న విక్టోరియా రాణి కుమారుడైన ఎడింబరో ప్రభువు దానిని తెఱచెను. తరువాతి కాలమున, 1940లో, దాని గుమ్మటమునకు నాలుగు ముఖముల గడియారము అమరెను. భవనము గంభీరమైనదే, అయినను అది ఫ్లారెన్సులోనున్నను చెల్లును, మదరాసులోనున్నను చెల్లును. ఈ నేలకు అంటుకొనిన గుర్తు దానిలో స్వల్పము.

మార్పు చేపాక్ మహలుతో వచ్చెను. ఆ మహలు కథ కొంత చెప్పక తప్పదు. ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా 1768లో దానిని కట్టించుకొనెను. ఖాలసా మహలు, హుమాయూను మహలు అని అందు రెండు భాగములు. 1801లో కర్ణాటక రాజ్యాధికారము కుంపిణీ చేతికి పోయెను. 1855లో చివరి నవాబు వారసుడు లేక మరణింపగా, ఆ బిరుదును గూడ ప్రభుత్వము రద్దుచేసెను. పిదప నవాబుల అప్పుల క్రింద మహలు వేలమునకు వచ్చెను. ప్రభుత్వమే దానిని కొనెను. దర్బారులు జరిగిన చావళ్ళలో సర్కారు గుమాస్తాలు దస్త్రములు పఱచుకొనిరి.

ఆ మహలునకు రెవెన్యూ బోర్డు కచేరీని చేర్చు పని చిషోమ్‌నకు వచ్చెను. పాత మహలులోని రెండు భాగముల నడుమ ఒక ఎత్తయిన గోపురమును నిలిపి, వానిని ఒకటిగా అతుకవలెను. ఇచట గ్రీకు స్తంభములు నిలిపినచో పాత బట్టకు పరాయి మాసిక వేసినట్లుండును. అందుచేత ఆయన నవాబుగారి కమానులను, గుమ్మటములను, పిట్టగోడలను కొలిచి చూచి, వాని భాషలోనే తన మాట చెప్పవలసి వచ్చెను. 1870 ప్రాంతమున ఆ పని ముగిసెను. చేసిన మార్పు పట్టి చూచినగాని తెలియనంతగా కలిసిపోయెను. పాత కట్టడము కొత్త స్థపతికి గురువైన సందర్భమిది.

ఆయనకు అండగా నిలిచినవాడు 1866 మొదలు 1872 వఱకు మదరాసు గవర్నరుగా నుండిన నేపియర్ ప్రభువు. ఆయన భారతీయ వాస్తువును గూర్చి చేసిన ఒక ఉపన్యాసము 1870లో లండనునందలి "బిల్డర్" పత్రికలో వెలువడెను. కమాను, గుమ్మటము గల మహమ్మదీయ రీతి ఈ దేశపు ఎండకును, విశాలమైన చావళ్ళకును తగినదనియు, ప్రభుత్వ భవనములకు దానిని జాతీయ రీతిగా గ్రహించుట ఆలోచింపదగినదనియు ఆయన వాదము. తరువాతివారు దీనికి ఇండో-సారసెనిక్ రీతి అని పేరు పెట్టిరి.

ఈ వాదమును మనము రెండు వైపులనుండి చూడవలెను. ఎండ, గాలి, నీడ అను మాటలలో నిజమున్నది. కాని 1857 తిరుగుబాటు ముగిసి, 1858లో కుంపిణీ పాలన పోయి రాణిగారి పాలన వచ్చి అప్పటికి పుష్కరకాలమే గడచెను. కొత్త ఏలికలు తాము మొగలాయి పాదుషాల తరువాతి వారసులమని ప్రజలకు కనుపించుట వారికి అవసరము. పదవి పోగొట్టుకొనిన నవాబు ఇంటి గుమ్మటమునే తీసి సర్కారు కచేరీ తలపై పెట్టినచో, మాటలేల? గుమ్మటమే ఆ సంగతి చాటును. చిషోమ్ కల్పనను మెచ్చుకొనుచునే ఈ సంగతిని మనము మఱువరాదు. సర్కారు వాస్తుశిల్పి కేవలము ఇల్లు కట్టడు. ఏలువారు జనుల కన్నుల ముందు ఏ వేషమున నిలువవలెనో ఆ వేషమును గూడ కుట్టును.

ఆ వేషమునకు పరమావధి సెనేటు భవనము. 1869లో శంకుస్థాపన జరిగినను, గోడలు లేచు పని 1874లోగాని సాగలేదు, 1879లో ముగిసెను. ఈలోపల చిషోమ్ తన పాత నకషాను విడిచి కొత్తరీతిని పట్టెను. పోటీలో గెలిచినప్పటి ఇటలీ ముఖము పోయి, నాలుగు మూలల నాలుగు బురుజులు, వానిపై గుమ్మటములు, చెక్కడపు పోదిగెలు గల రాతి కంబములు, రంగు అద్దముల కిటికీలు వచ్చెను. నడుమనున్న మహాసభామండపము 130 అడుగుల పొడవు, 54 అడుగుల ఎత్తు గలది. దానిచుట్టు నీడనిచ్చు వసారాలు. కూర్పులో బైజాంటియపు పోకడలును గలవు. శుద్ధమైన ఏ ఒక్క సంప్రదాయమునకును అది లొంగదు. పండితులు దానిని సంకరమని ఆక్షేపింపవచ్చును. కాని స్నాతకోత్సవమునాడు నల్లని అంగీ తొడిగి, తలపాగా సర్దుకొనుచు, రాజమహేంద్రవరమునుండియో బందరునుండియో వచ్చిన తెలుగు యువకుడు ఆ మండపమున అడుగు పెట్టినప్పుడు, తన దేవాలయపు ముఖమండపమును, తాను విన్న పాదుషా దర్బారును, తాను చదివిన ఐరోపా చరిత్రను ఒక్కసారి తలచుకొనియుండును. అతని చదువును ఆ కట్టడము వలెనే కలగలుపు చదువు గదా!

చిషోమ్ అంతటితో ఆగినచో, గవర్నరుగారి అభిరుచికి లోబడిన ఉద్యోగి అని ఊరకుందుము. ఆయన ఆగలేదు. దక్షిణ దేశపు పాత కట్టడముల వెంట బడి నేర్చుకొన నారంభించెను. మధురలో తిరుమల నాయకుని మహలు పదునేడవ శతాబ్దిది. తెలుగు నాయకరాజుల వైభవమునకు మిగిలిన గుర్తు. శిథిలమై పడియున్న దానిని నేపియర్ ప్రభువు బాగుచేయింప బూనినప్పుడు ఆ పనిలో చిషోమ్ పాలుపంచుకొనెను. ఇటుకను పేర్చి, సున్నముతో పోతపోసి, అంతంత కమానులను ఆ నాయకుల మేస్త్రీలు ఎట్లు నిలిపిరో ఆయన అచట దగ్గరనుండి చూచెను.

తెలుగునాట చంద్రగిరిపైనను ఆయన దృష్టి పడెను. అచటి పాత రాజభవనమును గూర్చి 1883లో "ఇండియన్ ఆంటిక్వరీ" పత్రికలో ఆయన ఒక వ్యాసము వ్రాసెను. చంద్రగిరి రాజమహలు మూడంతస్తుల కట్టడము. దాని అంతస్తులకు దూలములు లేవు. ఇటుక, రాయి, సున్నముతో వంపు తిరిగిన కప్పులే బరువును మోయుచున్నవి. విజయనగరపు చివరి రాయల కాలపు నేర్పది. ఇచట ఒక చిత్రమైన సంగతి చెప్పవలెను. 1639లో మదరాసు తీరపు నేలను ఇంగ్లీషు వర్తకులకిచ్చిన దామెర్ల నాయకులు చంద్రగిరి రాయలకు సామంతులు. ఆ నేలపై లేచిన పట్టణమునకు భవనములు కల్పించుచున్న స్థపతి, రెండు వందల నలువదేండ్లు గడచిన పిదప, ఆ రాయల ఇంటి గోడలను చదువుటకు వెళ్ళెను.

మలయాళదేశమున ఆయన నేర్చినది వేఱొక పాఠము. తిరువనంతపురమున వస్తుప్రదర్శనశాల కట్టుటకు పిలువబడినప్పుడు, చిషోమ్ చేపాక్ గుమ్మటములను అచటికి మోసికొని పోలేదు. పద్మనాభపురపు కొయ్య మహలును, అచటి వడ్రంగుల పనితనమును పరిశీలించెను. ఎడతెగని వానలు గల ఆ నాట గుమ్మటము కన్న వాలు కప్పు మేలు. 1880లో ముగిసిన ఆ భవనము నిటారుగా వాలిన పెంకు కప్పులతోను, చెక్కడపు కొయ్య ఆనికలతోను, రంగురంగుల ఇటుక వరుసలతోను, గాలి ఆడుటకై లోన ఖాళీ వదలిన గోడలతోను వెలసెను. యంత్రము లేకయే లోపల చల్లగా నుండును. దానికి నేపియర్ ప్రభువు పేరే పెట్టిరి. అయినను అది నేపియర్ చెప్పిన మహమ్మదీయ రీతిలో లేకపోవుటయే మాకు విశేషముగా తోచును. దేశమంతటికి ఒక్క వేషము చాలునని గవర్నరు తలచెను. నేల మాఱినచో ఇల్లును మాఱవలెనని స్థపతి గ్రహించెను.

ఈ గ్రహింపునకు కారణము పనివారితోడి సావాసము. 1850లో డాక్టరు హంటరు మదరాసులో స్థాపించిన చిత్రకళా పాఠశాల తరువాత ప్రభుత్వము వశమైనది. 1877 మొదలు 1883 వఱకు చిషోమ్ దానికి అధ్యక్షుడు. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, రాతిపనివాడు తమ తమ విద్యలతో అచటికి వచ్చుచుండిరి. నకషా గీయుట వేఱు, ఆ గీతను రాతిలో పలికించుట వేఱు అన్న సంగతి ఆయనకు దినదినము కన్నుల ముందు కనబడుచుండెను.

1883లో లండనునందలి బ్రిటిషు వాస్తుశిల్పుల సంస్థలో ఆయన ఒక వ్యాసము చదివెను. బరోడా కళాశాలను గూర్చియు, భారతదేశమున గుమ్మటములు కట్టు విధమును గూర్చియు ఆ వ్యాసము. అందు ఆయన చెప్పిన దాని సారాంశమిది: కట్టడముపై నిజముగా చేతి గుర్తు విడుచువారు పనివారు. వారికి తమదైన ఒక కళాభాష కలదు. పరాయివాడు దానిని గుర్తింపగలడు గాని పూర్తిగా గ్రహింపజాలడు. కావున భారతదేశమున పనిచేయు వాస్తుశిల్పి సందేహింపక ఇచటి రీతులలోనే కట్టవలెను. ఏలువారి జాతికి చెందిన ఒక ఉద్యోగి, ఏలువారి రాజధానిలో నిలిచి, తనకు పూర్తిగా రాని భాష ఒకటి కలదని ఒప్పుకొనుట ఆ దినములలో చిన్న సంగతి కాదు.

అయినను ఇచట మాకు ఒక నొప్పి కలుగుచున్నది. ఆ పనివారి నేర్పును అంతగా ఎఱిగిన మనిషి కట్టిన భవనముల కథలో, ఆ పనివారి పేర్లు మనకు వినబడవు. గవర్నరు పేరున్నది, రాకుమారుని పేరున్నది, స్థపతి పేరున్నది. సెనేటు భవనపు కంబముపై ఆకులను, లతలను చెక్కిన వాని పేరు లేదు. ఇంటిలో ముగ్గు వేసిన తల్లి తన పేరు వ్రాసికొనదు గదా అని సరిపెట్టుకొనవచ్చును. కాని ముగ్గు ఆమె సొంత వాకిట వేసికొన్నది. ఈ ముగ్గు పరుల వాకిట కూలికి వేసినది.

మదరాసులో చిషోమ్ కడపటి ముఖ్యమైన పనులు రెండు. మొదటిది 1884లో తెఱచిన సముద్రపుటొడ్డు తంతి తపాలా కార్యాలయము. తిరువాన్కూరులో నేర్చిన వాలు కప్పుల పోకడను ఆయన దాని బురుజులపై నిలిపెను. అవి తరువాత తీసివేయబడినవి. ఊరి నడుమ జనులు దినదినము జాబు వేయుటకు, తంతి ఇచ్చుటకు వచ్చు చోటికి కూడ అందము అక్కఱయే అని తలచుట మెచ్చదగినది.

రెండవదానితో తెలుగువారికి దగ్గరి బంధుత్వము కలదు. అది సెంట్రల్ రైలు స్టేషను సమీపమునందలి పురమందిరము. తరువాత విక్టోరియా పేరు దానికి వచ్చెను. 1883 డిసెంబరు 17న దానికి శంకుస్థాపన చేసినవారు విజయనగర ప్రభువులు పూసపాటి ఆనందగజపతి రాజుగారు. గురజాడవారి "కన్యాశుల్కము"నకు కృతిభర్తలు. నకషా చిషోమ్‌ది. కట్టించిన గుత్తదారు తాటికొండ నంబెరుమాళ్ళ సెట్టిగారు. మదరాసు హైకోర్టు భవనము, ప్రదర్శనశాలకు చేరిన కట్టడములు కూడ ఆయన గుత్తకు తీసికొని కట్టించినవే. 1890 ప్రాంతమున పురమందిరము ముగిసెను.

ఆ మందిరమున జరిగిన సభలు, ఆటలు అనేకములు. 1897లో వివేకానందస్వామి అచట ఉపన్యసించిరి. బళ్ళారినుండి వచ్చిన ధర్మవరము కృష్ణమాచార్యులవారి తెలుగు నాటకములను చూచి ఉత్సాహము పొందిన మదరాసు యువకులు 1891లో సుగుణవిలాస సభను స్థాపించిరి. ఆ సభ చిరకాలము ఈ మందిరముననే నాటకములాడెను. బళ్ళారి రాఘవగారు ఆ సభవారితో కలిసి నటించిరి. సర్కారు కచేరీలో ప్రజ చేతులు కట్టుకొని నిలుచును. పురమందిరములో ప్రజ కుర్చీపై కూర్చుండి చప్పట్లు కొట్టును. చిషోమ్ చేతినుండి వెలువడిన ఈ రెండు జాతుల భవనములను ప్రక్కప్రక్క నుంచి చూచినగాని ఆయన జీవితము పూర్తిగా తెలియదు.

1880ల నడుమ ఆయన మదరాసు కొలువు చాలించి బరోడా పనులలో మునిగెను. మహారాజు మూడవ సయాజీరావుగారికై మేజర్ మాంట్ అను స్థపతి లక్ష్మీవిలాస మహలును ఆరంభించి, 1881లో మరణించెను. సగములో నిలిచిన ఆ పనిని చిషోమ్ చేతబట్టి 1890 నాటికి ముగించెను. బరోడా కళాశాలకు ఆయన కట్టిన గుమ్మటము బిజాపురపు గోలు గుమ్మటమును తలపించును. తిరువాన్కూరు దివానుగా నుండిన రాజా మాధవరావుగారు తరువాత బరోడాకు దివానైరి. ఆ రెండు రాజ్యములలోను చిషోమ్ చేతిపని వెలసినది.

వృద్ధాప్యమున ఆయన ఇంగ్లండునకు మరలెను. లండనులో స్లోన్ టెరేస్ అను వీథిలో ఒక క్రైస్తవ ప్రార్థనామందిరమును బైజాంటియపు రీతిలో కట్టెను. 1907లో అది ముగిసెను. 1915లో ఆయన కన్నుమూసెను. ఆ మందిరమున ప్రార్థనలు నిలిచిపోయిన పిదప, 2004లో అది కడోగన్ హాలు అను సంగీతశాలగా మాఱెను. 2005నుండి కొన్ని సంవత్సరములపాటు బి.బి.సి. వారి ప్రామ్స్ ఉత్సవపు చిన్న కచేరీలు అచటినుండి ప్రసారమయ్యెను. మదరాసు మేస్త్రీలవద్ద గుమ్మటపు మెలకువలు నేర్చిన మనిషి కట్టిన కప్పు క్రింద పలికిన పాట రేడియో శ్రోతల ఇండ్లకు చేరుట మనబోటివారికి వినుటకు ఇంపైన సంగతి.

ఆయన వెళ్ళిన పిదప మదరాసులో హెన్రీ ఇర్విన్ ఆ బాటనే పట్టి, 1892లో హైకోర్టు భవనమును పూర్తిచేసెను. 1902లో భారత ప్రభుత్వము కూడ ఒక సలహా వాస్తుశిల్పి పదవిని ఏర్పరచి జేమ్స్ రాన్సమ్‌ను నియమించెను. మదరాసు ప్రభుత్వము చిషోమ్ చేత చేయించిన పని దేశమంతటికి అవసరమని అప్పటికి తేలెను. కాని పదవి స్థిరపడినంత మాత్రమున చదువు స్థిరపడదు. గుమ్మటములు మాత్రము ఊరూర లేచెను; వాని వెనుక పద్మనాభపురము వెళ్ళి కూర్చుండి నేర్చిన ఓపిక ఎల్లెడల కానరాదు.

కావున చిషోమ్ జీవితమును తూచి చూచినచో మాకు తోచినది ఇది. సర్కారు ఆయనకు ఇచ్చినది ఒక వేషము కుట్టు పని. ఆ పనిని ఆయన నిరాకరింపలేదు. కాని వేషమునకు కొలతలు తీసికొను నెపమున ఈ దేశపు దేహమును ఎఱిగెను. వేషము వేయించుకొనిన ప్రభుత్వము 1947లో వెడలిపోయెను. నేర్చిన చదువు గోడలలో నిలిచిపోయెను. ఆ గోడలు ఇప్పుడు మనవి.

మనవి అయిన వానిని మనము కాపాడుచున్నామా? 2012 జనవరిలో చేపాక్ ఖాలసా మహలు అగ్నికి ఆహుతియై కప్పు కూలెను. మంటలార్పబోయిన ఒక అధికారి ప్రాణములు కోల్పోయెను. కూలిన దానిని పడగొట్టుట మేలన్న మాటయు వినబడెను. చివఱకు నిలుపుటకే నిశ్చయించి, పాత పద్ధతిలో సున్నము నూరి, కొయ్య దూలములు చేర్చి, 2017 నాటికి దానిని తిరిగి నిలిపిరి. సిమెంటునకు అలవాటుపడిన కాలమున సున్నపు పని తెలిసిన చేతులకొఱకు వెదకవలసి వచ్చుట మనము ఆలోచింపదగిన సంగతి. విశ్వవిద్యాలయము నూట యేబదవ ఏట అడుగిడు తరుణమున, 2006 ప్రాంతములో, సెనేటు భవనమునకును మరమ్మతు జరిగెను.

ప్రభుత్వ భవనము ఎవరిది అను ప్రశ్నకు పునాదిరాయి ఒక సమాధానమిచ్చును. గడప వేఱొక సమాధానమిచ్చును. పునాదిరాతిపై ఒక ప్రభువు పేరుండును. గడపను అరగదీసినవి లక్షల పాదములు. ఆ పాదములలో తెలుగువారివి ఎన్నో కలవు. ఇకముందు చెన్నై వెళ్ళినప్పుడు పిల్లవాడు "ఇది ఎవరు కట్టిరి?" అని అడిగినచో, "ఇంగ్లీషువారు" అని ఊరకుండక, నేపియరు తలచెను, చిషోమ్ గీసెను, నంబెరుమాళ్ళ సెట్టిగారివంటి గుత్తదారులు కట్టించిరి, పేరు తెలియని మన మేస్త్రీలు, రాతిపనివారు చేతులతో నిలిపిరి, మీ ముత్తాతవంటివారు అందు చదివిరి అని చెప్పుదము. చెప్పి, ఆ కంబముపై చెక్కిన ఆకును ఒకసారి చేతితో తాకి చూడుమందము. ఆ పేరులేని శిల్పికి మనము చేయగల నమస్కారము అంతే.